నల్ల గుడ్డ మీద తెల్ల ముక్క

ఇవాళ చేదు తగల్లేదేమిటి, రోజూ పావుముక్క నాలిక మీద పెట్టగానే ముఖం ముడుచుకుపోయేది, ఇవాళ చప్పగా, మట్టిలా జారిపోయింది, నాలికకు కూడా ఏదో అయినట్టుంది, మాత్ర తగ్గించే కొద్దీ ఒంట్లో ఒక్కోటీ మొరాయిస్తోంది, మొన్న చెవుల్లో రొద, నిన్న కనురెప్ప అదురు, ఇవాళ నాలిక వంతు కాబోలు, పోనీలే, చేతులు బాగుంటే చాలు అనుకుంటూ కత్తెరక్క బల్ల మీద పరిచిన నల్ల గుడ్డ ముడతలు అరచేత్తో సాపు చేసింది, దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించే మనిషి గనక అందరికీ కత్తెరక్కే, సొంత పేరుతో పిలిచే ఒక్క మనిషీ, కట్టుకున్నవాడు, పోయాడు, పోతూ పోతూ ఆ పేరునీ నిద్రనీ కూడా పట్టుకుపోయాడు, అదుగో అప్పుడే కదా ఈ నిద్రమాత్రలు మొదలైంది, నాలుగు రోజులు వేసుకోమ్మా అని రాసిచ్చారు, నాలుగు రోజులకని వచ్చిన చుట్టం ఏళ్ళ తరబడి తిష్ట వేసినట్టు ఇంట్లోనే ఉండిపోయాయి, ఇప్పుడు పొమ్మంటే ఊరికే పోతాయా, కొత్త డాక్టరమ్మ ముందే చెప్పింది, ఒక్కసారిగా మానేయకూడదమ్మా, మేడ మెట్లు దిగినట్టు ఒక్కొక్క మెట్టే దిగాలి, దూకావో మూర్ఛ వచ్చి పడిపోతావ్, అలా ఒకటి సగమైంది, సగం పావైంది, ఆ పావు ఇంట్లో కూరలు తరిగే కత్తితో పొడిపొడి అవుతోందని ఇక్కడికే తెచ్చుకుని, దుకాణం నడిపే అన్నయ్య తలుపులు తీసే హడావిడిలో ఉండగా, కుట్లు విప్పే బ్లేడుతో ఈ బల్ల మీదే కోసుకుంటోంది, మాత్రకు కూడా కొలతలు తీసే దర్జీ తనొక్కతే అయ్యుంటుంది.

కోటు వకీలు గారిది, గుడ్డ ఆయనే తెచ్చారు, సరిగ్గా సరిపోతుంది, పిసరంత కూడా మిగలదు, ఆయన బొజ్జ చుట్టూ టేపు తిప్పుతుంటే ఊపిరి బిగబట్టి సన్నబడాలని చూశారు పాపం, నవ్వాపుకోలేక చచ్చింది, కానీ పొద్దున అన్నయ్య గుడ్డ చేతికిస్తూ అన్న మాటకు నవ్వు రాలేదు, ఇది పాడైతే ఇలాంటిది మళ్ళీ దొరకదే అమ్మాయ్, ఆ మిల్లు ఎప్పుడో మూసేశారట, చెయ్యి వణుకుతుంటే మొహమాటపడకు, కొన్నాళ్ళు బటన్ల పిన్ని పక్కన కూర్చుందువు గాని, ఎంత ప్రేమగా అన్నాడో తనకు అంత ఒళ్ళు మండింది, మొన్నొక చొక్కా చేతి దగ్గర కత్తెర గీత తప్పింది నిజమే, అన్నయ్య చూశాడు, చూడనట్టు వెళ్ళిపోయాడు, అరిచినా బాగుండేది, బానే ఉందన్నయ్యా అనేసింది ఇవాళ, అబద్ధమో నిజమో తనకే తెలియకుండా, ఈ బల్ల దగ్గర్నుంచి లేచి బటన్లు కుట్టుకుంటూ కూర్చుంటే ఇక మిగిలేదేముంది, కానీ చూడు, చిత్రం, వీపు ముక్క గీత మీద గీతలా తెగింది, రెండు ముందు ముక్కలూ అంతే, కుడి చెయ్యీ అంతే, కత్తెర నీళ్ళలో పడవ నడిచినట్టు నడుస్తోంది, పావుముక్క మహిమ, చిన్నదైనా గట్టిదే, పావుకే ఇంత చేస్తే దాన్ని కూడా మానేసిన రోజు ఈ చేతుల గతేమిటి, ఆ ఆలోచన వద్దు, ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది, సుద్ద ఏది, ఇదుగో ఇక్కడే పడి ఉంది చిన్న ముక్క, మోచేతి దగ్గర గుర్తు పెడదామని గీసింది, గీత పడలేదు, మళ్ళీ గీసింది, పడలేదు, పొడి రాలింది అంతే, ఇదేం సుద్ద అని వెలుతురులో పెట్టి చూసింది, ఒక అంచు గుండ్రంగా ఉంది, మిగతా రెండూ బ్లేడుతో కోసినట్టు తిన్నగా ఉన్నాయి.

నాలిక చివర ఆనించింది, చేదు, అసలు సిసలు చేదు.

అంటే పొద్దున మింగింది, మరి పొద్దున మింగింది ఏమిటి, బ్లేడు ఇక్కడ, నీళ్ళ గ్లాసు అక్కడ, పక్కన విరిగిన సుద్ద, రెండూ తెలుపే, అన్నయ్య వస్తున్నాడని కంగారుగా చేతికందింది నోట్లో వేసుకుంది, అయ్యో, సుద్ద మింగి కూర్చుంది, మాత్ర ఇక్కడే ఉంది, అంటే ఒంట్లో ఏమీ లేదు, అనుకుందో లేదో గుండె దడదడలాడింది, వేళ్ళు మొదలెట్టాయి, ముందు చిటికెన వేలు, తర్వాత అన్నీ, గది గోడలు ఒక అడుగు దగ్గరికి జరిగినట్టు, కుట్టు మిషన్ల చప్పుడు తలలోనే తిరుగుతున్నట్టు, మూర్ఛ వస్తుందా, వస్తే గుడ్డ మీద పడతానా, కత్తెర మీద పడతానా, ఏమే కత్తెరక్కా ముఖం అలా పాలిపోయింది, పొద్దున ఏమన్నా తిన్నావా లేదా అంటోంది బటన్ల పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే, ఈవిడకి నెత్తి మీద కూడా కళ్ళుంటాయి, సుద్ద తిన్నాను పిన్నీ అనేసింది, నోరు జారి, ఓస్ అంతేనా, చిన్నప్పుడు నేను బలపాలు తినేదాన్ని, డబ్బా డబ్బా తినేదాన్ని, చావలేదుగా అంది పిన్ని, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి.

కానీ ఇదేమిటి, ఉండు, మింగనిది పొద్దున, వణుకు ఇప్పుడు, మధ్యలో ఇంత కోటు తెగింది, వీపు ఎవరు కోశారు, కుడి చెయ్యి ఎవరు కోశారు, సుద్దా, మాత్ర లేదని తెలియనంతసేపూ ఒళ్ళు హాయిగా ఉంది, మనసుకు తెలిసిన క్షణాన ఒళ్ళు తెగ గుర్తు తెచ్చుకుంది, ఇందులో ఏది మందు వణుకు, ఏది భయం వణుకు, రెండూ ఒకే వేళ్ళలో ఉంటే ఎలా విడదీయడం, కుట్టు విప్పినట్టు విప్పడానికి అవుతుందా, అలాగైతే అసలీ ముక్క అక్కర్లేదేమో, చెత్తబుట్టలో పారేస్తే, ఇవాళే, ఇప్పుడే, పీడా పోతుంది, చెయ్యి బుట్ట దాకా వెళ్ళింది కూడా, దూకకు అన్న డాక్టరమ్మ గొంతు అడ్డొచ్చింది, మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు అదే ముక్క వేసుకో, రెండు కలిపి మాత్రం వద్దు, ఒక పూట సుద్దతో గడిచిందని మేడ మీంచి దూకేస్తారా ఎవరైనా, దిగుతోంది కదా, దిగనీ, గ్లాసులో మిగిలిన నీళ్ళతో వేసుకుంది, చేదుకి ముఖం ముడుచుకుపోయింది, ఆ చేదుకి ఇంత సంతోషం ఎప్పుడూ వేయలేదు.

ఇక కూర్చోవాలి, మందు పనిచేసేదాకా ఆగాలి, అదే కదా ఇన్నాళ్ళూ చేసింది, కానీ పొద్దున దేనికోసం ఆగింది, సుద్ద పనిచేయడం కోసమా, కుర్చీ వైపు వెళ్ళిన కాళ్ళు బల్ల దగ్గరికే తిరిగొచ్చాయి, అసలు సుద్దతో మోచేతి గుర్తు పెట్టింది, గీత కాస్త వణికింది, అరచేత్తో తుడిచి మళ్ళీ పెట్టింది, బొటనవేలు కత్తెరలో దూర్చింది, అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో, ఎలా ఉందే చెయ్యి అంటున్నాడు, బానే ఉందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, వణుకుతోంది అన్నయ్యా అంది, ఆయన ఒక అడుగు ముందుకేశాడు, ఉండు, అయినా నేనే కోస్తాను అంది, కత్తెర నోరు తెరిచి గీత మీద పెట్టింది, గుడ్డ కరకరమని తెగుతోంది, నెమ్మదిగా, పొద్దుటికన్నా నెమ్మదిగా, మాత్ర ఇంకా గొంతు దిగిందో లేదో, మోచేతి వంపు అప్పుడే దాటిపోయింది, పొద్దున వణకనిదీ ఇప్పుడు వణుకుతున్నదీ ఒక్క చెయ్యే, తన చెయ్యే, కోస్తున్నది అదే.