గోడకు ఏ పక్క

ఆ ద్వీపంలో వసంతం వచ్చిందంటే ఎఫీకి రాత్రి నిద్ర ఉండదు. అర్ధరాత్రి దాటాక దారి వెంట నడుస్తూ, గడ్డిలో దాక్కుని గరగరమనే క్రేక్ పిట్టలు ఏ చేలో ఉన్నాయో చెవితోనే పోల్చి పటం మీద గుర్తు పెట్టడం ఆమె పని. అరుదైన ఆ పిట్టల గూళ్లు చెదరకూడదని, కూత వినిపించిన చేలో వేసవి ముగిసేదాకా గడ్డి కొయ్యకూడదు. ఈలోగా వానలకి గడ్డి కుళ్లిపోతే రైతు ఏడవాల్సిందే.

ఈ ఏడు ఆ కూత ఎఫీ చేనుకీ రూరీ చేనుకీ మధ్యనున్న రాతిగోడ దగ్గర వినిపించింది. పిట్ట గోడకి ఇటు పక్కదైతే ఎఫీ చేలో కోత ఆగినట్టే. ఆమె మూడు ఆవులకీ చలికాలమంతా తన చేలో గడ్డే దిక్కు.

వెంటనే అనుమానం రూరీ మీదికి పోయింది. పోదా మరి? చనిపోయిన మొగుడికి పెదనాన్న కొడుకే అయినా, ఎప్పుడో ఒక పొట్టేలు గురించి వచ్చిన తగాదా నుంచి ఎడమొహం పెడమొహంగా ఉంటున్న మనిషి. మోకాళ్ల నొప్పులని పోయినేడు తన ఆవుల్ని అమ్మేసుకున్నాడు. తనకి లేని పాడి ఎదుటివాళ్లకి ఉంటే కళ్లు కుట్టవూ? పైగా దువ్వెన పళ్ల మీద గొర్రె ఎముక గీకి అచ్చం ఆ పిట్టలా కూయించడం ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిన విద్య.

మర్నాడు రాత్రి టార్చి ఆర్పేసి గోడ చాటున నక్కింది. గర్ గర్. గర్ గర్. తొంగిచూస్తే అవతల రూరీ చతికిలబడి దువ్వెన గీకుతున్నాడు.

"దొరికావు బావా. నా ఆవుల నోటి దగ్గర గడ్డి లాక్కుంటే నీకేం ఒరుగుతుంది?"

రూరీ దువ్వెనని వీపు వెనక్కి దాచబోయాడు.

"ఇటివ్వు అది."

"పట్టుకుపో. తల దువ్వుకోడానికైనా పనికొస్తుంది" అంటూ మోకాళ్లు పట్టుకుని లేచాడు.

ఎఫీ పటం మీద గోడ దగ్గర పెట్టిన గుర్తు కొట్టేసి, ఇంటికి పోయి కంటినిండా నిద్రపోయింది.

తర్వాతి రాత్రి మళ్లీ గర్ గర్. ఈసారి గోడ దగ్గర కాదు, తన చేను నడిమధ్య నుంచి. ఇంకో దువ్వెన సంపాదించి ఏకంగా చేలోకే దిగాడన్నమాట. అతని ఇల్లు ఖాళీగా ఉందని రుజువు చేసుకుని, తిరిగొచ్చేటప్పుడు గుమ్మంలోనే పట్టుకోవాలని ఎఫీ విసవిసా పోయి రూరీ తలుపు బాదింది.

తలుపు తీసింది రూరీయే. కాళ్లకి మేజోళ్లు, కళ్లనిండా నిద్ర. ఆమె వెనక, దూరంగా, గర్ గర్.

"నువ్విక్కడుంటే అక్కడెవరు బావా?"

"పిట్టే. నువ్వు తిరగడం మొదలెట్టకముందే అది నీ చేలో దిగింది. ఇంకో మగపిట్ట కూస్తే తన్నడానికి వస్తుంది కదా. అలా కూసి కూసి గోడ దాకా లాక్కొచ్చా. నా వైపుకి దాటితే నీ గడ్డి నువ్వు కోసుకుంటావని. నా గడ్డి తినడానికి ఇక్కడ ఆవులెక్కడున్నాయ్?"

"మరి నిన్న నోరు పెగల్లేదేం?"

"లెక్క రాసేదానివి నువ్వు. పిట్టని తోలుతున్నానని చెబితే ఊరుకుంటావా?"

ఊరుకోదు. ఆ సంగతి ఎఫీకీ తెలుసు. కోటు జేబులో దువ్వెన చేతికి తగిలింది. రూరీ ఆ జేబు వైపే చూస్తున్నాడు. మాట్లాడకుండా తిరిగిచ్చేస్తే చాలు, ఆవులకి గడ్డి దక్కుతుంది. ఆమె దువ్వెనని జేబులోనే వదిలేసి చెయ్యి బయటికి తీసింది.

"దీపం కాస్త ఇటు పట్టు బావా" అంది.

మెట్టు మీద కూర్చుని, పటం మోకాళ్ల మీద పరిచి, తన చేను నడిమధ్యన గుర్తు పెట్టింది.