కడిగిన కుండ

ఆ ఉదయం జూబ్లీహిల్స్‌లో బసవపున్నయ్య కొత్త ఇంటి సెల్లారు గోతిలో జేసీబీ ఆగింది. ఆపించింది ఆయన కూతురు మనోజ్ఞ. గుండ్రంగా పేర్చిన బండల నడుమ నలుపూ ఎరుపూ కలిసిన కుండ ఒకటి మట్టిలోంచి మూతి బయటపెట్టింది.

మనోజ్ఞ బీకాం చదువుతూ, అదనపు సబ్జెక్టుగా పురావస్తుశాస్త్రం తీసుకుంది. సినిమాలకు సెట్లు వేసే బసవపున్నయ్య, "లెక్కల చదువుకు ఈ పెంకుల తోకేంటే?" అని వేళాకోళం చేస్తూనే ఫీజు కట్టాడు.

"నాన్నా, ఇది వేల ఏళ్లనాటి సమాధిలా ఉంది. ఎవరూ ముట్టుకోకూడదు. ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి, కొలతలు రాసి, పురావస్తు శాఖకు చెప్పాలి. మా శ్యామలాదేవి మేడంని తీసుకొస్తాను."

"ఎల్లుండి ముహూర్తానికి కాంక్రీటు పడాలే!"

"ఒక్క పూట, నాన్నా."

"సరే, వెళ్లిరా."

ఆ మాట నమ్మి ఆమె కాలేజీకి పరుగెత్తింది.

మధ్యాహ్నం మేడంతో తిరిగొచ్చేసరికి గోతి అడుగు చదునుగా ఉంది. బండలు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. పక్కనే ఉన్న పాత ఇంటి హాల్లో, టీపాయ్ మీద కుండ నిగనిగలాడుతోంది. మెడకు పసుపు, కుంకుమ బొట్లు.

"నీ కోసమే తీయించానే. గీత కూడా పడలేదు!" అన్నాడు తండ్రి గర్వంగా.

శ్యామలాదేవి కుండలోకి తొంగిచూసింది. "లోపలి మట్టి ఏదండీ?"

పనిమనిషి బాలమణి ముందుకొచ్చింది. "సబ్బు పెట్టి రుద్ది కడిగిన మేడం. మట్టిల మనిషి బొక్కలు, పూసలు గిట్ల ఉండె. గసుంటివి ఇంట్ల ఉండొద్దని సారే కాలవల పారబోయమన్నరు."

మనోజ్ఞ తండ్రి వైపు తిరిగింది. "సరే అన్నావుగా, నాన్నా?"

"ఆఫీసువాళ్లు వచ్చి కూర్చుంటే ఇల్లు లేచేదెప్పుడే? కుండ దక్కిందిగా. మేడంగారూ, మార్కులు వేసేయండి!" అని నవ్వాడాయన. ఇంకెవరూ నవ్వలేదు.

"వేస్తానండీ, ముట్టుకోవద్దని పొద్దున మీ అమ్మాయి అన్న మాటకు. ఈ కుండకు వేయలేను. అందులో ఎవరిని పూడ్చారో, ఏ వయసువాళ్లో, ఏమిచ్చి సాగనంపారో చెప్పగలిగింది ఆ మట్టి ఒక్కటే. దాన్ని మీరు కాలవలో పోయించారు."

మనోజ్ఞ సంచీలోంచి కాగితం తీసి, పురావస్తు శాఖకు జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టింది. పైన ఇంటి నంబరు వేసింది.

"కన్నతండ్రి మీదే ఫిర్యాదా!" అని అరిచాడు బసవపున్నయ్య. "ఇందుకేనా నిన్ను చదివించింది?"

ఆమె రాస్తూనే ఉంది. జవాబు శ్యామలాదేవే చెప్పింది.

"ఫీజు కట్టారు, అంతేనండీ. పిల్లల చదువు మన పనికి అడ్డొచ్చిన రోజున కూడా దాని మాట వింటేనే, మనం వాళ్లను చదివించినట్టు."