జ్వరంలో ఉండే పురుగు

దీపా, ఆ సెల్లు పక్కన పెట్టి ఇట్ల ఈ అవ్వ దగ్గరికి రామ్మా. మీ అక్క వసుధ చదువు యాల మార్చిందని అందరూ అడుగుతాండారు కదా, నేను కండ్లారా సూసింది చెప్తా.

పోయినేడు కుప్పంలో ఐటీ చదువు రెండేండ్లు ముగించి, పుంగనూరు బస్సు దిగి ఇంటికొచ్చింది. అప్పుడు మన షెడ్డులో పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. నువ్వు టౌనులో పెరిగిందానివి, నీకు తెలీదు. పాత తోలు విడిసే ముందు పురుగు ఆకు ముట్టదు. తల పైకెత్తి కదలకుండా ఉంటాది. దాన్నే మనోళ్లు జ్వరమంటారు. మీ అక్కా అట్లనే. ముద్ద ముట్టదు, పలకదు, మిద్దెక్కి తల పైకెత్తుకోని కూర్చుంటాది.

మూడోనాడు నోరు తెరిసింది. "నాయనా, నాకు ఐటీ వద్దు. నక్షత్రాల గురించి చదవాల. మదనపల్లెలో బీఎస్సీ ఫిజిక్స్‌తో మొదలుపెడతా."

దాని నాయన, మీ పెదనాయన చెంగల్రాయుడు గమ్మునుంటాడా? "రెండేండ్లు మట్టిలో పోసినట్టేనా? ఇంగో రెండేండ్లు ఓర్సుకోమ్మా. కొత్త లాప్‌టాప్ తీసిస్తా. బెంగళూరులో ఉద్యోగం..." పొద్దున అదే పాట, మాపున అదే పాట.

నాకు కోపమొచ్చింది. "ఒరే, నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో, పాపం ఆకలిగా ఉండాయేమో అని జ్వరంలో ఉండే పురుగుల మీద ఆకు కప్పేస్తి. తట్టలకు తట్టలు కుళ్లిపోయె. మీ నాయన వారం దినాలు నాతో పలకలే. నువ్వూ అదే పని చేస్తాండావు. ఆకు ఆపు!"

వాడు తల గోక్కున్యాడు. "సరేమ్మా వసుధా, ఒకటి చెప్పు. చుక్క యాడుండాది, నువ్వు యాడుండావు! ఆడికి పోకుండా దాని లోపల ఏముండాదో నీకెట్ల తెలుస్తాది?"

"నువ్వు పట్టుగూడు కొయ్యకుండానే చెవి కాడ ఊపి, లోపల పురుగు బాగుండాదో లేదో చెప్తావే. నీకు సప్పుడు, నాకు వెలుగు."

"నా పనే నాకు నేర్పిస్తాండాది సూడమ్మా!" అని పడీ పడీ నవ్వినాడు. సోమవారం ఇద్దరూ కుప్పానికి పోయి టీసీ తెచ్చుకున్యారు. ఆ పొద్దు అది మూడు సంగటి ముద్దలు తినింది. జ్వరం లేసిన పురుగు మాదిరే.

ఇప్పుడు రోజూ మదనపల్లె బస్సెక్కి పోతాండాది. తర్వాత ఆస్ట్రోఫిజిక్స్ అంట. ఆ మాట ఇని, జోస్యం చదువనుకోని, పక్కింటి మునెప్ప కూతురి జాతకం పట్టుకోని వచ్చేసినాడు! మీ పెదనాయనే ఆయప్పను కూర్చోబెట్టి, చేతిలో గూడొకటి పెట్టి, చుక్కల చదువంటే ఇట్లాంటిదని గంటసేపు ఊపించినాడు.

ఇది మర్సిపోవద్దమ్మా. రేపు మీ ఇంట్లో ఏ బిడ్డయినా ముద్ద ముట్టకుండా తల పైకెత్తుకోని కూర్చుంటే, కసిరే ముందు దాని నాయనకు ఈ కత చెప్పు.