నీళ్లలో పేలే తుపాకీ

ముంబయి కామాఠిపురాలో మా చాల్‌వాళ్లు నిలిపే గణపతికి ఈసారి సైనికుడి వేషం వేద్దామన్నారు కుర్రాళ్లు. బోర్డులు రాసుకుని బతికేవాణ్ని కదా, తుపాకీ పని నా నెత్తిన పడింది. థర్మోకోల్‌తో ఒకటి చేసిస్తే మా మేనల్లుడు రితేశ్ మొహం చిట్లించాడు.

"ఇది గాదు మామా. నీళ్లల్ల గూడ, గడ్డ మీద గూడ పేలే రైఫిల్ గావాలె. గణపతి ఆఖరికి సముద్రంలకే పోతడు గద!"

ఫోన్‌లో వీడియో చూపించాడు. అలాంటివి నిజంగానే ఉన్నాయట. మామూలు తూటా నీళ్లలో కాస్త దూరం పోగానే చతికిలబడుతుందట. అందుకని దీనికి మేకుల్లాంటి పొడుగు తూటాలట. తూటాలు పొడుగు కాబట్టి వాటి పెట్టె వెడల్పుగా ఉండాలట. చేసిన పెట్టె పీకేసి మళ్లీ చేశాను. రంగు అది కాదన్నాడు. పళ్లు నూరుకుంటూ మళ్లీ వేశాను.

"పేలేది లేదు, పాడు లేదు. ఎవడు జూస్తడురా?" అని అరిచాను.

"ఫొటో జూమ్ చేస్తే తెలుస్తది మామా," అన్నాడు.

నిమజ్జనం రోజు చౌపాటీ బీచ్‌లో ఒక వాలంటీరు దేవుడి చేతిలోంచి దాన్ని ఊడబీకి మా చేతికిచ్చాడు. థర్మోకోల్ నీళ్లలో వెయ్యకూడదట! గణపతి ఒట్టి చేతులతో సముద్రంలోకి వెళ్లాడు. తుపాకీ మాతో ఇంటిదారి పట్టింది.

ఫోరస్ రోడ్ మలుపులో వాన అందుకుంది. రితేశ్ గబగబా చొక్కా విప్పి తుపాకీకి చుట్టాడు. అదీ చాలక నా వైపు చెయ్యి చాచాడు.

"మామా, జల్ది ఛత్రీ ఇయ్యి. రైఫిల్ తడుస్తది!"