అత్తగారి రక్తపరీక్ష

కెనడాలోని మానిటోబాలో, మెన్నొనైట్ క్రైస్తవుల పల్లెలో ఎముకలు గట్టిపడక జస్టీనా పసిబిడ్డ చనిపోయింది. చర్చిలో బొంతలు కుట్టే ఆడవాళ్ళందరితో అత్త అగనేత, "తెగులు మా కోడలి రక్తంలోదే" అంది.

జస్టీనా పళ్ళు బిగబట్టింది. జన్యు పరీక్షలకు డాక్టరు వచ్చినప్పుడు, "మీరూ రక్తం ఇవ్వండి అత్తయ్యా, నా నోరు మూయించొచ్చు" అని రెచ్చగొట్టింది. ఫలితం బొంతలు కుట్టేచోట అందరి ముందే చెప్పమంది అగనేత.

"ఫాస్ఫేటును తెంచి ఎముకను గట్టిపరిచే ఎంజైము ఒక జన్యువు వల్ల తయారవుతుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిపోయిన జన్యువే వస్తే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. ఒకటి మీ కోడలిది, రెండోది బిడ్డ తండ్రిది. మీ అబ్బాయికి అది మీ నుంచే వచ్చిందమ్మా" అన్నాడు డాక్టరు.

అగనేత చేతిలో సూది ఆగింది. "నాకేం తెలుసే?" అని గొణిగింది.

"నాకు మాత్రం తెలుసా? అయినా ఊరంతా చాటారుగా" అంది జస్టీనా. బిడ్డ పోయాక మొదటిసారి ఆమె కడుపు చల్లబడింది.