నురుగు నిలవని గ్లాసు

నేను ఒక గాజు గ్లాసును. చెప్పుకోదగ్గ ఒడ్డూ పొడుగూ లేవు. అంచుదాకా పోసినా నాలో పట్టేది మూడు గుక్కలు. దాహం తీర్చడానికి కాదు నన్ను చేసింది, రుచి చూసి తీర్పు చెప్పడానికి. అందుకే పొట్ట దగ్గర బొద్దుగా, అంచు దగ్గర కాస్త లోపలికి వంగి ఉంటాను. వాసన అటూ ఇటూ పారిపోకుండా తాగేవాడి ముక్కు కిందే నిలవాలని ఆ వంపు.

ఉత్తరాదిన ఒక కొలిమిలో ఇసుకా సోడా కలిపి కరిగించి, గొట్టం చివర ముద్దగా తీసి, ఒకాయన బుగ్గలు పూరించి ఊదితే నేను పుట్టాను. ఆయన రోజుకు నాలాంటివి మూడు వందలు ఊదేవాడు. ఇందులో ఏం పోస్తారో ఎప్పుడూ అడగలేదు. గడ్డి చుట్టిన పెట్టెలో లారీ ఎక్కి హైదరాబాదు చేరాను. బేగంబజారు దుకాణంలో ఏడాది పైనే దీపపు కుందుల పక్కన కూర్చున్నాను. సంసారులు వచ్చి, "మందు గ్లాసులా ఉంది, వద్దు" అని పక్కన పెట్టేవారు. మందు తాగేవాళ్లు వచ్చి, "ఇంత చిన్నదా, ఎవరికి చాలుద్ది" అని వాళ్లూ పక్కన పెట్టేవారు. అటు పనికిరాక, ఇటు పనికిరాక కూర్చున్న నన్ను చివరికి ఒక బీరు దుకాణం వాళ్లు డజన్ల లెక్కన కొన్నారు.

అది మామూలు బీరు దుకాణం కాదు. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే పోస్తారు. మైక్రోబ్రూవరీ అంటారు. ఐటీ మేడల నడుమ పెద్ద అద్దాల గోడ, దాని వెనక ఏనుగుల్లాంటి స్టీలు ట్యాంకులు. ఐదు గుంతలు తొలిచిన చెక్క మీద ఐదు రకాల బీర్లు ఐదు చిన్న గ్లాసుల్లో వస్తాయి. ఒక్కో గుక్కా తాగి ఫోనులో మార్కుల చుక్కలు పెట్టడం అక్కడి ఆచారం. అక్కడ నేను చూసిన వింత ఏమిటంటే, తాగిన ప్రతివాడూ ముందు పైకప్పు వంక చూస్తాడు. ఆ తర్వాతే మాట్లాడతాడు. "పైనాపిల్ తగుల్తోంది" అంటాడొకడు. "లేదు, తడిసిన గడ్డి" అంటాడు ఇంకొకడు. పుట్టి బుద్ధెరిగాక గడ్డివాము పక్కన నిలబడి ఉండడు. నాకు నవ్వొచ్చేది. గాజు నవ్వితే పగులుతుంది కాబట్టి ఊరుకునేదాన్ని.

ఆ దుకాణంలో నిజంగా రుచి తెలిసిన మనిషికి చెక్క ముందు కుర్చీ లేదు. ఆయన పేరు బిక్షపతి గౌడ్. ట్యాంకులు కడిగే పని. ఆలేరు అవతల ఏదో ఊరు. ఇరవై ఐదేళ్లు కల్లు గీయడానికి తాళ్లెక్కాడు. కళ్లు మూసుకుని ఒక్క చుక్క కల్లు నాలుక మీద వేసుకుంటే అది కాయ కాయని పోతుతాటిదో కాయ కాసే పండుతాటిదో, పొద్దున దించిందో మాపు దించిందో చెప్పేవాడట. కల్లు అమ్మే మండువ దగ్గర తగువొస్తే ఆయన నాలుక చెప్పిందే తీర్పు. మోకాళ్లు అరిగిపోయాక చెట్టు దిగి పట్నం వచ్చి, రబ్బరు బూట్లు తొడుక్కుని, గొట్టంతో నీళ్లు కొడుతూ బతుకుతున్నాడు.

బీరు కాచే అమ్మాయి శ్రావ్య. సూర్యాపేట పిల్ల. బయోటెక్నాలజీ చదివి, ఇంట్లో మాత్రం జ్యూసు కంపెనీలో పని అని చెప్పి, ఈ పనిలో చేరింది. ఆయన నాలుక సంగతి మొదట కనిపెట్టింది ఆమె. మధ్యాహ్నం జనం లేని వేళ నన్ను పట్టుకుని ట్యాంకుల వెనక్కి వచ్చేది.

"కాకా, ఇది చూడు."

ఆయన చేతులు తుడుచుకుని, ఒక్క గుక్క తీసుకుని, కళ్లు మూసేవాడు. పైకప్పు వంక ఎన్నడూ చూడలేదు.

"నిన్నటి గంజి మీద తేట లెక్కున్నది బిడ్డా."

"అది లాగర్, తేలిక బీరు కాకా. అట్లనే ఉంటది."

"అట్లనే ఉంటదంటే మరి మార్కులెందుకు పెట్టుడు?"

చేదు ఎక్కువుండే ఐపీఏ పోస్తే, "వేపపుల్ల నమిలి బత్తాయి తొక్క కొరికినట్టున్నది. చేదు మంచిదే గాని దానికి పోయే దారి తెల్వది. నాలుక మీదనే కూసున్నది" అనేవాడు. నల్లటి స్టౌట్ పోస్తే, "మాడిన జొన్నరొట్టె. నాకు ఇష్టమే" అనేవాడు. శ్రావ్య ఆ మాటలన్నీ పుస్తకంలో రాసుకునేది. ఆ మాట పట్టుకుని మరుగు తగ్గించేది, చేదు కోసం వేసే హాప్స్ పువ్వు తగ్గించేది. బీరు బాగుపడేది. నెలకోసారి యజమాని కార్తికేయ సారు, మేనేజరు, శ్రావ్య కూర్చుని మార్కుల కాగితం నింపి సంతకాలు చేసేవారు. ఆ కాగితం మీద బిక్షపతి పేరు ఎన్నడూ లేదు.

ఆయనకు కావలసింది అదొక్కటే. జీతం పెంచమని అడగలేదు. తన నాలుక చెప్పింది తన పేరుతో కాగితం మీద ఉండాలి. ఒకసారి శ్రావ్యే సారును అడిగింది. సారు నవ్వాడు.

"లొట్టి కల్లు తాగినాయనతో నా బీరుకి మార్కులు వేయిస్తావా శ్రావ్యా? ఇంకేం, బోర్డు మీద తాటిచెట్టు బొమ్మ కూడా వేద్దాం."

ఆ మాట అంటున్నప్పుడు బిక్షపతి రెండు బారల దూరంలో గొట్టం చుడుతున్నాడు. చుట్టిన గొట్టాన్నే విప్పి మళ్లీ చుట్టాడు.

ఆ మాట శ్రావ్యకు గుచ్చుకుంది. అందులోంచే పుట్టింది ఒక పుల్లటి బీరు. బిక్షపతి తన బావమరిది కుండ అడుగున నిలిచిన, కల్లును పులియబెట్టే మడ్డిని సీసాలో పట్టి బస్సులో తెచ్చాడు. దాన్ని శ్రావ్య గాజు జాడీలో పెంచి, గోధుమ బీరులో కలిపి ఒక ట్యాంకులో పులియబెట్టింది. నలభై రోజులు. రోజూ మధ్యాహ్నం నాలో పట్టి ఇద్దరూ చూసేవారు. మొదట పచ్చి పిండి. తర్వాత ముక్కు పగిలే పులుపు. నలభయ్యో రోజున ఆయన కళ్లు మూసి చాలాసేపు తెరవలేదు.

"ఇగ ఆపు బిడ్డా. పులుపు నిలబడ్డది. ఎనక సన్నగ తీపి కూడ ఉన్నది. ఇట్లాంటిది నేను దించలే, ఎవ్వలూ దించలే."

సారుకు నమ్మకం లేదు. మామిడి సీజను వస్తోంది, ఆ ట్యాంకు ఆయనకు మామిడి బీరుకు కావాలి. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. బయటి నుంచి ముగ్గురు రుచి చూసేవాళ్లను పిలవాలి. ఏ గ్లాసులో ఏముందో వాళ్లకు చెప్పకూడదు. పదికి ఏడు దాటితే పుల్లటి బీరు అమ్మకపు బోర్డెక్కుతుంది. "మీ కాకాను కూడా నెలనెలా మార్కులు వేసే ప్యానెల్లో కూర్చోబెడతా, సరేనా?" అన్నాడు సారు. ఏడు దాటకపోతే ట్యాంకు ఖాళీ.

ఆ రోజు రానే వచ్చింది. బిక్షపతి తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. గ్లాసులు తెచ్చి చెక్కల మీద పేర్చే పని శ్రావ్య ఆయనకు ఒప్పజెప్పింది. గ్లాసులు యంత్రంలోనే కడగాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కడిగినవి కడిగినట్టే పేరిస్తే నేనిప్పుడు ఈ కథ చెప్పేదాన్ని కాదు.

ఆయన నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు వాసన. నిజమే, ఉంది, మనుషుల్లో పదివేలమందికి ఒకడు పసిగట్టేటంత. మిగతా నాలుగు బీర్లకూ పర్వాలేదు గాని, తన బీరు పోసే గ్లాసుకు సబ్బా? వాళ్ల ఇళ్లల్లో కల్లు పట్టే లొట్లు తోమేది పొయ్యిలోని బూడిదతో. బూడిదను మించిన శుభ్రం ఆయనకు తెలియదు. ముగ్గురికీ మూడు గ్లాసులు తీసి, వెనక పిజ్జాలు కాల్చే కట్టెల పొయ్యి దగ్గరికి పోయి, చల్లారిన బూడిద పిడికెడు తీశాడు. ప్రేమగా తోమాడు. నా జన్మలో నన్ను అంత ప్రేమగా ఎవరూ తోమలేదు.

వాళ్ల ఇంటి పొయ్యిలో కాలేది కట్టెలే. ఈ పొయ్యిలో రోజంతా చీజు కారుతుంది, మాంసం కొవ్వు చిట్లుతుంది. అదంతా ఆ బూడిదలోనే ఉంది. బూడిదా కొవ్వూ కలిసి నా ఒంటికి కంటికి కనపడని పొరలా పట్టాయి. ట్యాంకులు కడిగే చన్నీళ్లకు అది వదల్లేదు. పైకి మాత్రం ధగధగా మెరిశాను. ఆయన నన్ను వెలుతురుకేసి పట్టి చూసుకుని మురిసిపోయాడు. ఐదో గుంతలో తన చేత్తోనే పెట్టాడు.

ముగ్గురూ వచ్చారు. పెద్ద హోటలు నడిపే మీసాలాయన, తిండి గురించి ఫోనులో రాసే ఆవిడ, విదేశీ బీర్లు తెప్పించి అమ్మే బట్టతలాయన. నేను మీసాలాయన ముందుకొచ్చాను. మొదటి నాలుగు గ్లాసులూ బాగానే గడిచాయి. ఐదోది, అంటే నన్ను, పైకెత్తాడు. పోసిన నురుగు కొవ్వు తగిలి కళ్లముందే చప్పున కూలిపోయింది. ఒక గుక్క తాగాడు.

"పులుపు ఉందా లేదా అన్నట్టుంది" అన్నాడు.

"చల్లారిన కూరగిన్నె కడిగిన నీళ్లలా ఉంది" అంది ఆవిడ.

"పొగ. ఏదో కొవ్వు. మడ్డి చచ్చిపోయింది" అన్నాడు బట్టతలాయన. ఆయన మాత్రం పైకప్పు వంక చూడలేదు.

మూడు, నాలుగు, మూడు. సంతకాలు చేసి, పిజ్జా తిని వెళ్లిపోయారు.

శ్రావ్య నన్ను తీసుకుని, మిగిలిన దాంట్లో ఒక గుక్క తాగింది. "పొద్దున ఇట్లా లేదే" అని గొణుక్కుంది. నేరుగా ట్యాంకుల వెనక్కి వచ్చింది. సారు వెనకే వచ్చాడు.

"కాకా, నువ్వు చెప్పు. వాళ్ల సంగతి నాకొద్దు. రోజూ తాగి తాగి నా నాలుకకు ఏం తెలుస్తలేదు. బీరు మంచిగుందని నువ్వు ఒక్క మాట అను, సారుతోని నేను మాట్లాడుకుంటా."

ఆయన నన్ను అందుకున్నాడు. తాగాడు. కళ్లు మూసుకున్నాడు.

ఒక్క క్షణంలో ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలుసు. బూడిద తెలిసింది, కొవ్వు తెలిసింది, అది ఏ పొయ్యి బూడిదో కూడా తెలిసింది. నా అంచు మీద ఆయన కింది పెదవి అదిరింది. ఆ రోజు చెడింది బీరు కాదు, నేను. నన్ను చెడగొట్టింది ఆయన. ఆ మాట నోరు తెరిచి చెప్పడానికి ఆయనకు ఎంత సేపైనా ఉంది. ఎదురుగా సారు నిలబడి ఉన్నాడు. సారు వెనక గోడ మీద పెద్ద అక్షరాలు ఉన్నాయి. ఇంతకాలం ఆ నాలుక ఒక్క అబద్ధం ఆడలేదు.

"తిరగబడ్డది బిడ్డా" అన్నాడు. "ఎండకు కల్లు తిరిగినట్టు."

"ఒక్క పూటలనా?"

"కల్లుకు పూటెందుకు, గడియ చాలు."

"ట్యాంకులకెళ్లి ఇంకోటి పట్టి చూద్దామా?"

ఆయన నేల చూపులు చూశాడు. "చూస్తే ఏమైతది? మడ్డి చెడ్డంక కుండంత చెడ్డట్టే."

సారు అప్పుడు నోరు విప్పాడు. "ఆ మడ్డి పక్క ట్యాంకులకు అంటుకుంటే కొంప మునుగుద్ది. ఇప్పుడే వదిలేయండి." వాళ్ల ముగ్గురి మార్కులతో పోట్లాడటానికి వచ్చిన పిల్ల, కాకా మాటతో ఎట్లా పోట్లాడుతుంది? మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. సారూ వెళ్లాడు.

ట్యాంకు ఖాళీ చేయడం ఎవరి పనో చెప్పనక్కర్లేదు. నన్ను పక్కన గట్టు మీద పెట్టి ఆయన వాల్వు తిప్పాడు. లేత పసుపు ధార కాలువలో పడింది. అంత ఎత్తున నురుగు లేచింది. ఆ వాసనకు నా గాజు ఒళ్లే జలదరించింది. ఆయన వంగి, దోసిలి పట్టి ఒక గుక్క తాగాడు. మళ్లీ ఒక గుక్క. దోసిలి అట్లాగే ధార కింద ఉంచి నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి అంతా పోతోంది. వాల్వు జానెడు దూరంలోనే ఉంది. కట్టేస్తాడేమోనని చూశాను. సగం ట్యాంకు మిగిలుండగా చెయ్యి అటు పోయింది కూడా. మళ్లీ వెనక్కి వచ్చింది. చివరి చుక్కదాకా వదిలి, ట్యాంకు కడిగి, మూత బిగించాడు.

నన్ను తీసుకుపోయి యంత్రంలో పెట్టాడు. ఒక్క వేడినీళ్ల కడుగుకు పొరంతా పోయి మళ్లీ శుభ్రమయ్యాను. నాది అంత తేలిగ్గా పోయింది.

మనుషుల న్యాయం చూడండి. సాయంత్రం సారు ఆయన భుజం తట్టాడు. "ఆ ముగ్గురూ చెప్పిందే నువ్వూ చెప్పావు. పర్వాలేదు, నాలుక ఉంది నీకు. మన దగ్గర పనిచేస్తూ మన బీరు బాగాలేదని చెప్పడానికి ధైర్యం కావాలి" అన్నాడు. పై నెల నుంచి మార్కుల కాగితం మీద నాలుగో వరుసలో కె. బిక్షపతి గౌడ్ అని అచ్చయింది.

శ్రావ్య రెండు నెలలు మామిడి బీరు కాచింది. దేనిమీదా తన నాలుకను నమ్మలేకపోయింది. ప్రతిదానికీ, "కాకా, నువ్వే చెప్పు" అనేది. ఆఖరికి నిజంగానే జ్యూసు కంపెనీలో ఉద్యోగం చూసుకుంది. పోయే రోజు ట్యాంకుల వెనక్కి వచ్చి ఆయన చేతులు పట్టుకుంది.

"ఆనాడు నువ్వు నా మొహం చూసి బాగుందని అంటే, నేను కొట్లాడి పరువు పోగొట్టుకునేదాన్ని కాకా. నువ్వొక్కడివే నిజం చెప్పినవ్."

"పైలంగ పోయిరా బిడ్డా" అన్నాడాయన. బూట్లలో నీళ్లు చేరినట్టు అక్కడే అటూ ఇటూ కదిలాడు.

ఇదంతా జరిగి మూడేళ్లు. నా అంచు ఒకచోట చిట్లింది. రేపో మాపో పగిలిన గ్లాసుల అట్టపెట్టెలో పడతాను. దాని గురించి నాకు దిగులేమీ లేదు. కరిగిస్తే మళ్లీ ఏదో ఒకటి అవుతాను. ఈమధ్య ఒక ప్యానెల్లో నేను ఆయన ముందుకే వచ్చాను. నన్ను గుర్తుపట్టలేదు, గ్లాసులన్నీ ఒకటేగా. తాగి పైకప్పు వంక చూశాడు. ఏడు వేశాడు. పక్కదానికీ ఏడు. గంజి లాంటి లాగరుకూ ఏడు, దారి తెలియని చేదుకూ ఏడు. కొత్తగా చేరిన బీరు కుర్రాడు కాగితం చూసి, "అన్నిటికీ ఏడేనా అన్నా, దేంట్లోనూ తేడా లేదా?" అని అడిగాడు.

"ఏడేస్తే ఎవ్వలకు బాధ లేదు సారూ" అని, ఆయన పెన్ను మూత తీసి, కింద సంతకం చేశాడు. నాలో మిగిలిన రెండు గుక్కలూ సింకులో ఒంపేశాడు.