చేతిబిగువు

అయినా కొడుకు సైకిలు వాల్వు నట్టు మీద గాట్లు వేరే రకంగా కూడా పడి ఉండొచ్చు. లారీ సైకిల్ని ఈడ్చుకుపోయినప్పుడు తారు రోడ్డు రాసుకుని పడొచ్చు, మూడు నెలలు పోలీస్ స్టేషన్ వెనక పడి ఉన్నప్పుడు ఎవరో తొక్కి పడొచ్చు. కానీ అలా పడ్డ గాట్లు అన్ని వైపులకీ పోతాయి. ఇవి అలా లేవు. కొన్ని కుడికి వాలాయి, కొన్ని ఎడమకి. కుడికి వాలినవి ప్లయర్ పళ్ళవి, అవి తనవి. ఎడమకి వాలినవి రాతితో కొట్టినవి. అవి వాడివి. ఇనుము మీద గీత చూస్తే ఏ చెయ్యి ఎటు తిప్పిందో మోహనకృష్ణకి తెలుస్తుంది. రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో పాతికేళ్ళు చేసిన పని ఆ తెలివి ఇచ్చింది. ఇవ్వకపోయినా బాగుండేది.

"అంకుల్, కహాఁ ఖో గయే? ఏ లోకంలో ఉన్నారు? టేపు లాగి పట్టుకోమన్నారు, చెయ్యి నొప్పెడతంది."

లహరి పెరట్లో పీట మీద కూర్చుని, ఒళ్ళో రిమ్ము పెట్టుకుని ఉంది. వెనక వరస క్వార్టర్లో ఉంటుంది, ఈ హిందీ ఊళ్ళోనే పెరిగింది, ఇంజనీరింగ్ మూడో ఏడు. ఆయన కొడుకు మణిదీప్‌తో కలిసి ఆదివారాలు మొరం మట్టి దారుల్లో సైకిలు తొక్కేది. వారానికి రెండుసార్లు తుమ్మముల్లు దిగి ట్యూబు పోతోందని, తన వెనక చక్రం కూడా ట్యూబు లేకుండా చేసి పెట్టమని వచ్చింది. కాలనీలో ఆ పని చేసింది ఆయన ఒక్కడే, అది కూడా ఒకేసారి, కొడుకు సైకిలుకి. కుదరదని చెప్పడానికి నోరు తెరిచి, సరేనన్నాడు.

పని పెద్దదేమీ కాదు. లోపలి ట్యూబు తీసేయాలి. చువ్వలు దిగిన కంతలన్నీ టేపుతో మూసేయాలి. రిమ్ముకే వాల్వు బిగించి, టైరులో పాలలాంటి ద్రవం పోసి గాలి కొట్టాలి. ముల్లు దిగితే ఆ పాలే కంతలోకి వచ్చి గడ్డకడతాయి. టైరు బాగా కోసుకుపోతే మాత్రం పాలు చాలవు. అప్పుడు వాల్వు ఊడదీసి మామూలు ట్యూబు వేసుకుని ఇంటికి రావాలి. వాల్వు ఊడాలంటే దాని మెడకున్న చిన్న నట్టు తిరగాలి.

ఆయన పనిచేసేది వ్యాగన్ల గాలి బ్రేకుల దగ్గర. గొట్టం గొట్టంతో కలిసే చోట సబ్బునీళ్ళు పూసి చూస్తారు, బుడగ లేస్తే ఇంకా బిగిస్తారు. పని నేర్పిన పాపయ్య, "సేతిబిగువంటే పెళ్ళిసూపుల్లాటిది రా, లగ్నం పెట్టినట్టు కాదు" అనేవాడు. ఆ మాట ఎముకల్లోకి దిగిపోయింది. మణిదీప్ చక్రానికి వాల్వు దగ్గర ఒక్క బుడగ లేచింది. ఆయన ప్లయర్ అందుకున్నాడు.

"నాన్నా, సేత్తో సాలంట. వీడియోలో సెప్పాడు."

"ఆ వీడియో గాడు వ్యాగన్లు సూసేడేటి?"

ఇద్దరూ నవ్వారు. రెండు చుట్లు తిప్పాడు. బుడగ ఆగింది. తండ్రి గెలిచాడు.

పోయిన మే నెలలో మందిర్ హసౌద్ ఊరు దాటాక మణిదీప్ టైరు కోసుకుపోయింది. వాడి సంచిలో కొత్త ట్యూబు ఉంది, రబ్బరు బ్యాండు కూడా తియ్యలేదు. వాడు హైవే పక్కన సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. వెనకనుంచి లారీ వచ్చింది. విప్పని ఆ ట్యూబు చూసిన రోజే ఆయనకి తను బిగించిన నట్టు గుర్తొచ్చింది.

మిగతాది ఆయన భార్య పూర్ణిమ చెబుతుంది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. "నాను ఫోన్ సేత్తే, పంచర్ అయిందమ్మా, నడిసొత్తన్నాను అన్నాడు. ఎంతసేపురా, బేగి రా, మీ అమ్మమ్మ రైలు దిగిపోనాది అన్నాను. నాను తొందర పెట్టకపోతే ఏ సెట్టు కిందో కూకునేవాడు." చెప్పిన ప్రతిసారీ ఆయన పక్కనే ఉన్నాడు. "నీ తప్పేం లేదు" అనేవాడు. అది మంచితనమనుకుని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేది. నిజం తెలిసినవాడు చెప్పే ఓదార్పు ఇంకొక రకం దొంగతనమని ఆయనకి ఆ రాత్రుల్లోనే అర్థమైంది. అర్థం కావడం వేరు, నోరు తెరవడం వేరు. ఆమె ఏడ్చినంతసేపూ ఆయన మనసులో ఏదో మూల చిన్న ఊరట కూడా ఉండేది.

లహరి రిమ్ముకి టేపు అంటుకుంది. వాల్వు దించి, టైరు ఎక్కించి, పాలు పోశాడు. కంప్రెసర్ గొట్టం పెట్టగానే టైరు అంచు రిమ్ముకి చేరుతూ టప్ టప్‌మంది. లహరి చప్పట్లు కొట్టింది. చప్పుడుకి పూర్ణిమ టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది.

ఆయన సబ్బునీళ్ళు పూశాడు. వాల్వు దగ్గర ఒక్క బుడగ లేచింది.

"అరే అంకుల్, ప్లయర్‌తో ఏక్‌దమ్ టైట్ కర్ దో నా!"

ఆయన గాలి మొత్తం వదిలేశాడు. టైరు ఒక పక్క విప్పి, టేపు మీద ముడతని బొటనవేలితో రుద్ది రుద్ది సాపు చేశాడు. మళ్ళీ ఎక్కించి గాలి కొట్టి, నట్టుని రెండు వేళ్ళతో తిప్పి వదిలేశాడు. బుడగ రాలేదు.

"సేత్తోనే ఉండాలమ్మా. దారిలో నువ్వు సేత్తోనే తియ్యాలి. తీసి సూడు."

లహరి వేళ్ళతో తిప్పింది. కదిలింది. "భయ్యాది కూడా ఇలాగే పెట్టారా?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే తుడిచాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

జవాబు పూర్ణిమ ఇచ్చింది, వేరే దానికి. "టీ తాగి ఎల్లు. ఎండెక్కక ముందే ఒచ్చేయమ్మా. నాను మాత్రం ఫోన్ సెయ్యను. నాను ఫోన్ సేత్తే ఏటవుద్దో సూసేవు కదా."

"అలా అనకండి ఆంటీ" అంది లహరి. టీ సగం తాగి, చక్రం బిగించుకుని, ఇద్దరి మొహాలూ చూడకుండా వెళ్ళిపోయింది.

పూర్ణిమ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి మిక్సీ మొదలైంది. మోహనకృష్ణ పెరట్లో నిలబడి ఆ చప్పుడు విన్నాడు. ఇవాళ చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పిల్ల సైకిలు తొక్కుకుంటుంది. పూర్ణిమ వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతుంది. తను నీ తప్పేం లేదంటాడు. ఆమె చచ్చేదాకా అది తన తప్పేనని నమ్ముతుంది. చెబితే ఆమె మొహంలో ఏం కనిపిస్తుందో ఆయనకి తెలుసు. పది నెలలుగా భయపడింది దానికే. తన చేత్తో చేసినదాన్ని ఆమె నెత్తిన పెట్టి, తను పక్కన నిలబడి వీపు నిమిరాడు. కొడుకుని పోగొట్టుకున్నది ఒకసారి. ఈమెని రోజూ పోగొట్టుకుంటున్నాడు.

వంటింట్లోకి వెళ్ళాడు. పూర్ణిమ మిక్సీ మూత మీద అరచెయ్యి ఆనించి, కిటికీ బయటకి చూస్తూ ఉంది. ఆయన చెయ్యి చాచి గోడ మీద స్విచ్ ఆపాడు.

"ఏటండీ, ఇంకా నలగనేదు."

"పూర్ణిమా, ఆడు నడిసింది నీ ఫోను వల్ల కాదు. ఆడి దగ్గర ట్యూబుంది. నాను బిగించిన నట్టు ఆడికి ఊడనేదు."